మంజరి ఉంగరాల జుట్టు

మీ తాతకు తాత కూడా పుట్టకముందు జయకేతుడనే రాజు ఉండేవాడు. యుద్ధంలో ఏనుగు ఎదురొచ్చినా బెదిరేవాడు కాదు గానీ, ఆరేళ్ళ కూతురు మంజరికి తలంటు రోజు వచ్చిందంటే మాత్రం హడలిపోయేవాడు.

మంజరిది ఉంగరాల జుట్టు. చనిపోయిన రాణిదీ అచ్చం అలాంటిదే. తల ఆరీ ఆరగానే దాసీలు పేలదువ్వెన పట్టుకుని మాడు మీద నుంచి బరబరా కిందికి లాగేవారు. ఏ జుట్టయినా అలాగే దువ్వాలని వాళ్ళ నమ్మకం. పిల్ల కోట అదిరిపోయేలా ఏడ్చేది.

ఒకనాడు ఆ ఏడుపు వినలేక రాజు, "ఈ జుట్టు సాపు చేసేవాళ్ళే లేరా!" అని అరిచాడు. అరిచాడో లేదో, కరాళుడనే మాంత్రికుడు గడ్డం నిమురుకుంటూ ప్రత్యక్షమయ్యాడు.

"నేను చేస్తాను రాజా. ఆ ఉంగరాలు మాత్రం నేను పట్టుకుపోతాను."

"పట్టుకుపో, పీడా వదులుతుంది!"

మంత్రం పడింది. జుట్టు దారాల్లా జారింది. దువ్వెన సర్రున దిగింది. మంజరి అద్దంలో చూసుకుని, "నాన్నా, ఈ పిల్లెవరు?" అంది. ఆ పూట నుంచి నవ్వడం మానేసింది. బూరెలు పెట్టినా నవ్వలేదు, కోతుల్ని ఆడించినా నవ్వలేదు, రాజే గుర్రమై వీపు మీద ఎక్కించుకున్నా నవ్వలేదు. ఎంత తెలివితక్కువ మాట అన్నానని రాజు కుమిలిపోయాడు. ఉంగరాలు తెస్తానని కూతురికి మాటిచ్చి కరాళుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరాడు.

ఒక సముద్రం దాటాడు, రెండు దాటాడు, అలా అలా ఏడూ దాటాడు. ఏడో ఒడ్డున పెద్ద తీగల పొద, దాని నడుమ చిక్కుకుపోయిన చిలక.

"రాజా, కరాళుడి ప్రాణం నాలోనే ఉంది. నేను నీ చేతిలో ఉంటే వాడు నువ్వడిగింది ఇస్తాడు. నేను చస్తే మాత్రం వాడితోపాటు ఆ ఉంగరాలూ మాయమవుతాయి" అంది చిలక.

రాజు తీగల్ని పట్టుకుని బలంగా లాగాడు. అవి చిలక మెడకు బిగుసుకున్నాయి. "అమ్మో, నొప్పి!" అని అరిచింది. అచ్చం మంజరి అరిచినట్టే ఉంది. రాజు చేతులు ఆగిపోయాయి.

"ముందు తడుపు రాజా" అంది నీళ్ళలోంచి ఒక చేప.

"కొబ్బరి పాలు పిండి పట్టించు" అంటూ చెట్టు మీది ఉడుత ఒక కాయ దొర్లించింది.

"పైనుంచి లాగితే ఎలాగయ్యా? మొదలు గుప్పిట్లో పట్టుకో, కొసల నుంచి విప్పుకుంటూ రా" అంది గూడు అల్లుకుంటున్న గిజిగాడు.

రాజు కత్తి పక్కన పెట్టి బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. తడిపాడు, పాలు పట్టించాడు, ఒక్కొక్క తీగే విప్పాడు. పొద్దు వాలేసరికి చిలక వచ్చి అతని భుజం మీద వాలింది.

కరాళుడు పరుగున వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. "నువ్వు అడిగిందే కదా చేశాను!"

"తప్పు నాదే. ఆ ఉంగరాలు తిరిగిచ్చెయ్. చిలక నా దగ్గర చల్లగా ఉంటుంది, నువ్వు బుద్ధిగా ఉండు" అన్నాడు రాజు. మాంత్రికుడు గుడ్లనీళ్ళు కుక్కుకుంటూ ఉంగరాల భరిణె అప్పగించాడు.

రాజు కోటకు తిరిగొచ్చి భరిణె తెరవగానే ఉంగరాలు మంజరి తలకెక్కాయి. అద్దంలో చూసుకుని కిలకిలా నవ్వింది. కానీ దువ్వెన కనబడగానే మంచం కిందికి దూరింది.

"ఇక నుంచి నేనే దువ్వుతాను తల్లీ. నొప్పి పుడితే నా మీసం లాగు" అన్నాడు రాజు.

మంజరి మెల్లగా బయటికొచ్చింది. రాజు వెడల్పు పళ్ళ చెక్క దువ్వెన తీసుకుని, గిజిగాడు చెప్పినట్టే చేశాడు. మీసం ఒక్కసారే లాగింది, అదీ ఆటకి.

ఏళ్ళు గడిచాయి. ఎందరో రాకుమారులు మంజరిని పెళ్ళాడతామని వచ్చారు. చిలక ఈకల చిక్కును చిలక అరవకుండా విప్పినవాడినే ఆమె వరించింది. పెళ్ళినాడు పూలజడ వేయడానికి దాసీలు వస్తే రాజు వాళ్ళని పంపేసి తనే పీట మీద కూర్చున్నాడు. చివరి పువ్వు గుచ్చుతుంటే ఆయన కన్నీటి బొట్టు ఆమె మెడ మీద పడింది.

మంజరి వెనక్కి తిరిగి, "జడ నాకు వేస్తుంటే నొప్పి నీకు పుట్టిందా నాన్నా?" అని మీసం మెల్లగా లాగింది. తండ్రీకూతుళ్ళు నవ్వుకుంటూ పెళ్ళిపీటల దాకా నడిచారు. ఆ తర్వాత మంజరి, ఆమె భర్త ఆ రాజ్యాన్ని చాన్నాళ్ళు చల్లగా ఏలారు.