మెడలో వేసుకున్న వంతెన

అనగనగా ఒక అడవి. కాదు కాదు, రెండు అడవులు. ఒక్కదానితో సరిపెడదామనుకున్నాను గానీ, ఒక్క అడవికి స్నేహం ఎవరితో కుదురుతుంది చెప్పండి?

ఎగువ అడవికి రాజు జడల దున్న. ఒళ్ళంతా జడలే. కళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. దిగువ అడవికి రాజు ఏనుగు. మధ్యలో లోతైన లోయ. లోయ మీద తీగల వంతెన. చలికాలం ఎగువన మంచు పడితే వాళ్ళు దిగువకి వచ్చేవారు. వానాకాలం దిగువన వరద వస్తే వీళ్ళు ఎగువకి పోయేవారు. ఏటా వానలకు ముందు రెండు అడవులూ కలిసి వంతెనకు కొత్త తీగలు కట్టాలి. అదీ తాతల నాటి ఒప్పందం.

తాతలు తీగలు కట్టి, చేతులు దులుపుకుని ఇళ్ళకు పోయారు. తండ్రులు తీగలు కట్టి, రెండు మంచి మాటలు కూడా చెప్పుకున్నారు. మనవళ్ళ కాలానికి తీగలు పోయి మాటలే మిగిలాయి.

ఆ మాటలు చెప్పే కొలువు దిగువ అడవిలో ఎలుగుబంటి జుబ్బన్నది. ఎగువ అడవిలో కొండముచ్చు కుప్పమ్మది. ఎవరు బాగా పొగిడితే వాళ్ళకి ఒక తేనెపట్టు. జుబ్బన్న ఏడాది పొడుగునా గుహలో సాధన చేసేవాడు. "ఇక చాలు, పిల్లలు జడుసుకుంటున్నారు" అని భార్య అరిస్తేనే ఆపేవాడు.

ఆ ఏడు వానలకు ముందు జరిగే స్నేహ పండుగ రోజున, వంతెన మొదట్లో నిలబడ్డ జుబ్బన్నకి వీపు దురద పెట్టింది. తీగకేసి రుద్దుకున్నాడు. తీగ పుటుక్కున తెగి చేతిలోకి వచ్చింది. లోపలంతా పొట్టు. కుళ్ళిపోయింది!

జుబ్బన్న మనసులో లెక్క వేసుకున్నాడు. 'వంతెన కుళ్ళిందని చెబితే, మన స్నేహం కుళ్ళిందంటావా అని అవతలివాళ్ళు అలుగుతారు. తేనెపట్టూ పోతుంది. అయినా వానలు ఇంకా రాలేదుగా!'

అందరూ తనవైపే చూస్తున్నారు. జుబ్బన్న ఆ తీగని గబుక్కున మెడలో వేసుకున్నాడు.

"ప్రభువులారా! మన స్నేహాన్ని నేను మెడలో ధరించాను!" అన్నాడు.

రెండు గట్లూ చప్పట్లతో మోగిపోయాయి.

అవతల కుప్పమ్మ మూతి తిప్పింది. "ఒక్కటేనా అన్నయ్యగారూ? మాకైతే మీ మీద రెండు తీగలంత ప్రేమ!" అంటూ రెండు తెంపి వేసుకుంది.

"మాకు మూడు, చెల్లెమ్మగారూ!"

"మాకు తలపాగా కూడా!"

ఇక ఎవరు ఆగుతారు? జింకలు తెంపాయి. కుందేళ్ళు తెంపాయి. ఏనుగు తొండానికి చుట్టుకుంది. జడల దున్నకి అప్పటికే ఉన్న జడలు చాలక కొమ్ములకి కూడా వేలాడదీశారు. నక్క ఒకటి తోకకు కట్టుకుని గంతులేసింది. ఒకటే ఈలలు, ఒకటే గోల!

అంతలో ఉరిమి, కుండపోతగా వాన కురిసింది. వెనకనుంచి వరద నీళ్ళు దిగువ అడవిలోకి దూసుకొచ్చాయి. జుబ్బన్న భార్య పిల్లల్ని వీపున వేసుకుని పరుగెత్తుకొచ్చింది.

"పదండి పదండి, ఎగువకి!" అంది ఏనుగు. లోయవైపు చూసింది. ఒకే ఒక్క పాత తీగ గాలికి ఊగుతోంది. "జుబ్బన్నా! వంతెన ఏదిరా?"

"అందరి మెడల్లోనూ ఉంది, ప్రభూ."

నీళ్ళు పిల్లల కాళ్ళకి తగిలాయి. జుబ్బన్న మెడలోని దండ తీసి విసిరికొట్టాడు. "చెల్లెమ్మా! తీగ కుళ్ళిందని నాకు ముందే తెలుసు! తేనె కోసం దాచాను! మమ్మల్ని దాటించండి!"

"నేను తెంపినవీ కుళ్ళినవే అన్నయ్యా!" అని అవతలినుంచి కుప్పమ్మ అరిచింది. "తిట్టుకోవడం తర్వాత! పచ్చి తీగలు లాగండి!"

ఏనుగు చెట్లమీది పచ్చి తీగలు పీకింది. జుబ్బన్న ముడులు వేశాడు. కుప్పమ్మ ఆ ఒక్క తీగ మీదుగా ఇటు దూకి, పచ్చి తీగల కొస నోట కరుచుకుని అటు దూకింది. జడల దున్న అవతల కాళ్ళు తన్నిపెట్టి లాగింది. కుందేళ్ళు దాటాయి. జింకలు దాటాయి. జుబ్బన్న భార్యా పిల్లలూ దాటారు, వెనకే జుబ్బన్న. చివరికి ఏనుగు అడుగు పెట్టింది. వంతెన కిర్రుమంది.

"బావా, ఊపిరి బిగబట్టు!" అంది జడల దున్న.

"బిగబడితే బరువు తగ్గుతానా బావా?"

"తగ్గవులే. నాకు ధైర్యంగా ఉంటుంది!"

ఏనుగు గట్టెక్కి జడల దున్న మీద పడింది. ఇద్దరూ దొర్లి దొర్లి నవ్వారు.

మరుసటేడు పండుగలో జుబ్బన్న గొంతు సవరించుకుని లేచాడు. అలవాటు కొద్దీ అందరూ చప్పట్లకు చేతులెత్తారు.

"కుడివైపు ఆ ముడి వదులైంది. పట్టండి, బిగిద్దాం" అని వంగి తీగ అందుకున్నాడు.

కుప్పమ్మ తేనెపట్టు తెచ్చి, అతని చేతులు ఖాళీగా లేవని నోట్లోనే పెట్టింది.

నీతి: స్నేహం ఎంత పాతదైనా పొగడ్తలతో నిలవదు, లోపం కనిపించిన రోజే చెప్పి, ఇద్దరూ చెరో కొసా పట్టి బిగించుకోవాలి.