పీరయ్య తవ్విన మన్ను

అవ్వలకు వాళ్ళవ్వలు చెప్పిన మాట ఇది. అప్పుడు ఏ రాజు ఏలుతున్నాడో తెలీదు గానీ, ఎర్రమిట్ట అని ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో ఒక బడి. బడి వెనక కుస్తీలు పట్టే గోదా. ఆ గోదాకు వస్తాదు పీరయ్య.

వస్తాదంటే కోరమీసాలూ వెండి కడియమూ అనుకునేరు. అవేం లేవు. పగలంతా బావులు తవ్వే కూలి. పొద్దున్నే బడిపిల్లలకు కుస్తీ నేర్పేవాడు. కోడి కూసేలోపే పార పట్టి గోదాలో మన్ను తిరగేసేవాడు. ఇంత మజ్జిగ, ఇంత నువ్వులనూనె, ఇంత పసుపు కలిపేవాడు. పిడికెడు తీసి చెంపకు ఆనించుకుని చూసేవాడు. పసిబిడ్డ బుగ్గలా తగిలితేనే పిల్లల్ని దిగనిచ్చేవాడు.

"ముందు తవ్వండ్రా. తర్వాత పడండి. ఆ తర్వాతే పడగొట్టండి," అనేవాడు.

ఆరు నెలలు తవ్వడమే. ఆరు నెలలు పడటమే. ఏడాది దాటితే గానీ ఒక పట్టు చెప్పడు. "ఇదేం చదువు వస్తాదూ, మా ఇంట్లో వీళ్ళు పడేది చాలదా?" అని తల్లులు ఎకసెక్కాలాడేవాళ్ళు. అయినా ఆ పిల్లలు ఏ తిరునాళ్ళకు పోయినా గెలుపు తలపాగాతోనే ఇంటికొచ్చేవాళ్ళు. ఒక ఏడాదా, రెండేళ్ళా? ముప్పై ఏళ్ళు!

ఆ ఊరి దొరకు గుర్రాల పిచ్చి. బడి వెనక జాగా మీద కన్నుపడింది.

"ఏరా పీరిగా, మా కోట గోదాలో నీ పిల్లోళ్ళకూ మావాళ్ళకూ మూడు కుస్తీలు పెడతా. రెండు గెలిస్తే ఆ జాగా నీది. లేదంటే అక్కడ నా గుర్రాలు కడతా."

"అట్లనే దొరా," అన్నాడు పీరయ్య. అతనికి బెంగ లేదు. తన పిల్లలు తనకు తెలుసు.

కుస్తీల రోజు పీరయ్య కోట గోదాలో కాలు పెట్టాడు. అరికాలికి బండలా తగిలింది. పైపైన నీళ్ళు చల్లి ఊడ్చారంతే.

"దొరా, ఒక పార ఇప్పించండి."

జనం గొల్లున నవ్వారు. దొర కొడుకు రంగప్ప, లంగోటీ బిగిస్తున్నవాడు, ఇంకా నవ్వాడు. "కుస్తీకొచ్చినావా, కూలికొచ్చినావా? తవ్వుకోనీ నాయనా, వాళ్ళ పిల్లోళ్ళ నడుములు విరగకుండా!"

"మావాళ్ళకు పడటం వచ్చులే చిన్నదొరా," అన్నాడు పీరయ్య. "నేను తవ్వేది మీకోసం."

ఎండ నడినెత్తికొచ్చేదాకా తవ్వాడు. చెంపకు ఆనించుకుని చూశాడు. అప్పుడు దిగమన్నాడు.

మొదటి కుస్తీలో పీరయ్య పిల్లల్లో ఓబులు ఓడాడు. రెండోదాంట్లో అతని జతగాడు బాలప్ప గెలిచాడు. మూడోది పీరయ్య పిల్లోడు గంగన్నకూ రంగప్పకూ. రంగప్ప మనిషి గంగన్నకు రెండింతలు. మీదికొచ్చేవాడి కిందికి దూరి, గంగన్న భుజానికెత్తి విసిరాడు. రంగప్పకు పడటం ఎవరు నేర్పారు గనక? తలకిందులుగా, మెడ మీద పడ్డాడు.

పీరయ్య మెల్లగా పోయి ఆ మెడ కింద చెయ్యి పెట్టాడు.

"లెయ్ నాయనా. మన్ను మెత్తగానే ఉంది."

రంగప్ప లేచాడు. ముక్కులో మన్ను, చెవుల్లో మన్ను. మెడ మాత్రం నిలిచింది.

దొర గోదాలోకి దిగాడు. చీలమండ దాకా కాలు దిగబడింది. పార తగలని అంచు మీద ఇంకో కాలు పెట్టాడు. బండ. కొడుకును చూశాడు. పీరయ్యను చూశాడు.

"పీరయ్యా," అన్నాడు. పీరిగా అనలేదు. "జాగా నీది. మావాడికి కూడా పడటం నేర్పు."

"రేపు కోడి కూసేలోపు పంపండి దొరా. పార తెచ్చుకోమనండి."

పీరయ్య ముసలివాడై కన్నుమూసిన నాడు గుంత తవ్వను కూలీలు అక్కర్లేకపోయింది. మొదటి పార రంగప్ప వేశాడు. మన్నులో మజ్జిగ, నూనె, పసుపు కలిపారు. పిడికెడు తీసి చెంపకు ఆనించుకుని, మెత్తగుందన్నాకే పడుకోబెట్టారు.

ఆ వైపు గోదాల్లో ఇప్పటికీ గెలిచినవాడే మర్నాడు మొదటి పార వేస్తాడు. ఆటలో పిల్లలు దబ్బున పడితే అవ్వలు హడలిపోరు.

"లెయ్ నాయనా," అంటారు. "పీరయ్య తవ్విపెట్టినాడులే."

పిల్లలు మన్ను దులుపుకుని లేస్తారు.