పదేళ్ల గడువు

లూథర్ టిల్సన్‌కి మూడు ఓట్లు తక్కువయ్యాయి.

అమెరికాలో అంతర్యుద్ధం ముగిసి రెండేళ్లయింది. బానిసత్వం పోయింది గానీ, ఉత్తరాదిన కూడా చాలాచోట్ల నల్లవాళ్లకి ఓటు లేదు. అలాంటి ఒక రాష్ట్రంలో, వాళ్లకీ ఓటు ఇవ్వాలన్న బిల్లు మర్నాడు శాసనసభ ముందుకు రాబోతోంది. దాన్ని గెలిపించే పనిని ముసలి నాయకుడు జోనస్ మార్డెన్ తన శిష్యుడు లూథర్ నెత్తిన పెట్టాడు.

మార్డెన్ అంటే ఆ ఊళ్లో తెలియనివాళ్లు లేరు. మనుషులంతా సమానమే, ఇందులో బేరం లేదు అని నలభై ఏళ్లుగా ఒకటే మాట మీద ఉన్నాడు. ఆ మాట కోసం కుళ్లిన కోడిగుడ్లతో కొట్టించుకున్నాడు, ఇంటి కిటికీలు పగలగొట్టించుకున్నాడు, రెండు ఎన్నికల్లో ఓడిపోయాడు. సభలో లేచి నిలబడితే ఎదుటి పక్షంవాళ్లు కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవాళ్లు. శిష్యుల దగ్గర మాత్రం మహా పొదుపుగా మాట్లాడేవాడు.

లూథర్ ఆయన దగ్గర ఆరేళ్లు న్యాయశాస్త్రం చదివి, ఆ ఏడాదే సభ్యుడిగా గెలిచాడు. తెలివైనవాడు. ఆ సంగతి అతనికి కూడా బాగా తెలుసు.

ఆ మధ్యాహ్నం వెలిగిపోతున్న మొహంతో గురువు దగ్గరికి వచ్చాడు.

"గురువుగారూ, దారి దొరికింది! బిల్లులో ఒక్క వాక్యం కలుపుదాం. నల్లవాళ్లకి ఓటు ఇస్తాం, కాకపోతే పదేళ్ల తర్వాత. ఈలోగా వాళ్లని నమ్మొచ్చో లేదో అందరికీ తెలుస్తుంది. అలాగైతే ఓటేస్తామని ముగ్గురు మాటిచ్చారు. పదేళ్లు ఎంతలో గడుస్తాయండీ!"

మార్డెన్ కాగితం తీసుకుని చదివాడు. మెచ్చుకోలేదు, తిట్టలేదు. శిష్యుడి మొహం వైపు ఒకసారి చూశాడు.

"రేపు సభకి ఈ గడ్డంతోనే వస్తావా? పద, గీయించుకుందువు గాని."

శాసనసభకి ఎదురుగానే కేలబ్ రస్ట్ బార్బరు షాపు ఉంది. కేలబ్ నల్లవాడు. సభ్యుల్లో సగంమందికి పైగా పొద్దున్నే అతని దగ్గరే గడ్డం గీయించుకుని సభకి వెళ్లేవాళ్లు. ఆ షాపులో తెల్లవాళ్లకే పని చేసేవాళ్లు. ఒక నల్లవాడు ఆ కుర్చీలో కూర్చున్నాడని తెలిస్తే ఇక ఏ తెల్లవాడూ ఆ గడప తొక్కడు. అందుకని పాతికేళ్లుగా కేలబ్ కూడా తన సొంత కుర్చీలో కూర్చోలేదు.

"కేలబ్ గారూ, మావాడికి కాస్త నున్నగా గీయండి," అన్నాడు మార్డెన్.

"ఏం కేలబ్, బాగున్నావా?" అంటూ లూథర్ కుర్చీలో వెనక్కి వాలాడు. అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. కేలబ్ అతని తండ్రి కంటే పెద్దవాడు.

కేలబ్ నురగ పట్టించాడు. కత్తిని తోలుపట్టీ మీద నాలుగుసార్లు నూరాడు. బుగ్గలు అయ్యాయి, చుబుకం అయింది. తల వెనక్కి వంచి, కత్తిని గొంతు మీద ఆనించాడు.

సరిగ్గా అప్పుడే మార్డెన్ జేబులోంచి కాగితం తీసి పైకి చదివాడు. "ఈ జాతివారు నమ్మదగినవారని తేలడానికి వీలుగా, ఓటు హక్కుకి పదేళ్ల గడువు విధించడమైనది."

కత్తి ఆగింది. లూథర్ గుటక కూడా మింగలేదు.

"ఇప్పుడు చెప్పు నాయనా," అన్నాడు మార్డెన్. "ఈయన్ని నమ్మొచ్చా?"

కేలబ్ కత్తిని మళ్లీ కదిపాడు. మిగిలిన నురగని ఒక్క గాటు పడకుండా తీసేశాడు. కత్తి తుడిచి పక్కన పెట్టాడు.

"నాకు అరవై రెండేళ్లు, బాబూ," అన్నాడు.

లూథర్‌కి తల కొట్టేసినట్టయింది. లేచి, గురువు చేతిలో కాగితం తీసుకుని ముక్కలు ముక్కలుగా చించేశాడు. గుమ్మం దాకా వెళ్లి, మళ్లీ వెనక్కి వచ్చాడు.

"కేలబ్ గారూ, రేపు సభలో మీ పేరు చెప్పొచ్చా? చెబితే మీ షాపుకి ఎవరూ రాకపోవచ్చు. ఆలోచించి చెప్పండి."

కేలబ్ తన రెండు కుర్చీల వైపూ చూసుకున్నాడు.

"చెప్పండి బాబూ. కుర్చీలు ఖాళీ అయితే కాసేపు నేను కూర్చుంటాను."

మర్నాడు సభ కిటకిటలాడింది. పైన గ్యాలరీలో కేలబ్‌తో పాటు నల్లవాళ్లు గోడకి ఆనుకుని నిలబడ్డారు. ఎదుటి పక్షం నాయకుడు గంటసేపు మాట్లాడాడు. వీళ్లని నమ్మేదెలా అన్నదే ఆ గంట సారాంశం.

లూథర్ రాసుకొచ్చిన పదకొండు పేజీల ప్రసంగాన్ని బల్ల మీదే వదిలేసి లేచాడు.

"కేలబ్ రస్ట్ గారి దగ్గర గడ్డం గీయించుకునే సభ్యులు ఒక్కసారి చెయ్యెత్తుతారా?"

ఒక్క చెయ్యీ లేవలేదు. కానీ ఎదుటి పక్షం నాయకుడి చెయ్యి తనకి తెలియకుండానే నున్నటి చుబుకం మీదికి వెళ్లింది. గ్యాలరీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఇక సభంతా నవ్వే. నవ్వు సద్దుమణిగేదాకా లూథర్ ఆగాడు.

"కత్తి పట్టుకుని మీ పీక దగ్గర నిలబడితే ఆయన్ని నమ్మారు. ఓటు చీటీ పట్టుకుంటే నమ్మలేరా?"

అంతే చెప్పి కూర్చున్నాడు. ఆ ముగ్గురూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. పేర్లు పిలిచినప్పుడు ముగ్గురూ అవుననే అన్నారు. అడగని ఇంకో ఇద్దరు కూడా అన్నారు. బిల్లు గెలిచింది! గోల ఆపమని స్పీకరు బల్ల మీద సుత్తి కొట్టి కొట్టి అలిసిపోయాడు గానీ, గ్యాలరీలోంచి ఎగిరే టోపీలు ఆగలేదు. మార్డెన్ కళ్లు తుడుచుకుంటూ, సిగ్గుపడకుండా అందరి ముందూ ఏడ్చాడు.

కేలబ్ షాపు నాలుగు రోజులు ఖాళీగా ఉంది. మాసిన గడ్డాలు దురద పెట్టి, ఆ వారం తిరక్కుండానే చాలామంది గౌరవ సభ్యులు తలొంచుకుని తిరిగొచ్చారు.

ఎన్నికల రోజు వచ్చింది. ఆ వార్డులో తొలి ఓటు ఎప్పుడూ మార్డెన్‌దే. ఆ రోజు ఆయన లూథర్ భుజం పట్టుకుని వచ్చేసరికి కేలబ్ అప్పటికే నల్లకోటు వేసుకుని, చీటీ పట్టుకుని వరసలో మొదట నిలబడి ఉన్నాడు. పెద్దాయన్ని చూసి పక్కకి తప్పుకున్నాడు.

"రండయ్యా, మీరు ముందు వేయండి."

మార్డెన్ కదల్లేదు.

"నలభై ఏళ్లుగా ముందు నేనే వేస్తున్నాను, కేలబ్ గారూ. ఒక్కసారి మీ వెనక నిలబడి వేద్దామనే ఇన్నాళ్లూ బతికాను. పదండి."