ఒంటిసాని గుట్టమీద ఆముదపు సేవ

పూర్వం కృష్ణానదికి దక్షిణాన, ఎర్రమట్టి మెట్టపొలాల నడుమ ఉన్న తంగెళ్లపాడు గ్రామంలో పోలసాని అనే సాధ్వి నివసించేది. ఆమె ఏకైక పుత్రికకు అయిదో ఏట మలబంధం కలిగి ఉదరం రాయిలా బిగుసుకుపోగా, పెద్దల మాట ప్రకారం పోలసాని తన చేతులతోనే ఆముదం తాగించింది. ఔషధం కడుపులో నిలవలేదు. వ్యాధి అప్పటికే ముదిరి ఉండటంచేత మూడో నాటికి ఆ బిడ్డ తల్లి ఒడిలోనే కన్నుమూసింది. భర్త బసివిరెడ్డి ఆమెను ఒక్క మాటా అనలేదు. ఆ తరువాత ఆమెతో ఒక్క మాటా ఆడనూ లేదు. మరుసటి ఏడు అతడు మాచమ్మను రెండో భార్యగా తెచ్చుకోగా, పోలసాని కట్టుబట్టలతో ఇల్లు విడిచి, ఊరికి ఉత్తరాన గుట్టమీద పైకప్పు కూలిన అమ్మవారి గుడిని ఆశ్రయించింది.

అక్కడ ఆమె రాళ్ల సందుల్లో ఆముదపు విత్తులు నాటి, పండిన గింజలను వేయించి, దంచి, నీళ్లలో మరిగించి, పైకి తేలిన తైలంతో దేవికి దీపం పెట్టేది. గుట్ట ఎక్కి వచ్చేవారెవరూ లేరు. నెలల తరబడి పలకరించే ప్రాణి లేక, తన గొంతు తనకే కొత్తయిపోతుందేమోనన్న భయంతో, కూతురికి చెప్పవలసిన కబుర్లన్నీ దేవి ఎదుట కూర్చుని చెప్పుకొనేది. తన చేతి ఆముదం ఇక ఏ గొంతులోకీ దిగరాదని మాత్రం ఒట్టు పెట్టుకుంది. ఊరివారు ఆమెను ఒంటిసాని అనసాగారు.

పన్నెండేళ్లు గడిచాక ఒక మధ్యాహ్నం మాచమ్మ మూడేళ్ల ఆడబిడ్డను చంకనెత్తుకుని, రొప్పుతూ గుట్ట ఎక్కి వచ్చింది.

"అక్కా, అయిదు రోజులుగా దీనికి విరేచనం లేదు. ఏది తాగించినా కక్కేస్తోంది. ఆయనకు చెప్పకుండా తెచ్చాను."

పోలసాని రెండడుగులు వెనక్కి వేసింది. "నా సంగతి తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చాను. బిడ్డ పోతే ఎలా ఉంటుందో నీకు తెలుసు. నీకంటే జాగ్రత్తగా చూసేవాళ్లు నాకెక్కడ దొరుకుతారు?"

పోలసాని గుడిలోకి వెళ్లి దేవి దీపానికి ఉంచిన ఆముదపు గిన్నె తీసుకుంది. వెలుపలికి వచ్చి, "తాగించను. పైన రాస్తాను," అంది. ఆముదం గోరువెచ్చన చేసి, తన మణికట్టు మీద చూసుకుని, బొడ్డు చుట్టూ తిరగలి తిరిగినట్టు మెల్లగా మర్దన చేసి, సెగ చూపిన ఆముదపు ఆకులు పరిచి మెత్తని గుడ్డ చుట్టింది. అరచేతి కింద ఆ చిన్ని ఉదరం కదులుతున్నా ఆమె చేయి ఆపలేదు. తల్లీబిడ్డలను ఆ రాత్రి గుడిలోనే ఉంచుకుని అలా పూటపూటకూ చేయగా, మరునాడు పొద్దెక్కేసరికి బిగువు సడలి, మలబంధం వీడి, బిడ్డ గంజి అడిగింది.

మాచమ్మ ఆమె కాళ్లకు మొక్కి, "మళ్లీ వస్తానక్కా," అని దిగిపోయింది. సంగతి తెలిసిన బసివిరెడ్డి ఆమెను మరి గుట్ట ఎక్కనివ్వలేదు. పోలసాని ఆ ఏడంతా దారివైపు ముఖం పెట్టుకునే గింజలు దంచేది. ఆ తరువాత అటు చూడటం మానుకుంది.

బసివిరెడ్డి కాలం చేశాక, మాచమ్మ ఈడేరిన కూతురిని వెంటబెట్టుకుని గుట్ట ఎక్కింది. పొయ్యి చల్లారి ఎన్నాళ్లయిందో, పోలసాని జాడ ఎక్కడా లేదు. గర్భగుడిలో దేవి విగ్రహపు ఉదరం మీద మాత్రం వెచ్చని ఆముదం, అప్పుడే ఎవరో రాసి చేయి తీసినట్టు, నిగనిగలాడుతోంది. మాచమ్మ ఆ విగ్రహాన్ని కౌగిలించుకుని, "ఆలస్యమైందక్కా," అని ఏడ్చింది. అక్కను మళ్లీ ఒంటరిగా వదలలేక, కూతురిని ఇంటికి పంపి, ఇంకొకరు గుట్ట ఎక్కి వచ్చేదాకా, మూడు దినాలు అక్కడే కూర్చుంది.

నేటికీ ఆ దేవి నాభి చుట్టూ శిల నల్లగా, నునుపుగా, తడిగా కనబడుతుంది. కడుపు బిగిసిన పసిబిడ్డల తల్లులు అక్కడి తైలాన్ని వేలితో తీసుకుని బిడ్డల పొట్టలకు రాస్తారు. నోట మాత్రం వేయరు. పని అయినవెంటనే ఎవరూ గుట్ట దిగరు. ఎండైనా వానైనా, మరొక మనిషి గుట్టదారిలో కనబడేదాకా దేవి దగ్గర కూర్చుని, ఇంటి కబుర్లేవో చెబుతూ ఉంటారు.