ఎత్తిన చేతులు

ఒక ఊళ్ళో డప్పుల బయలు ఉండేది. సంతరోజు సాయంత్రం అక్కడ డప్పులు మోగేవి, జనం ఒకరినొకరు గుద్దుకుంటూ ఆడేవారు. చూడటానికి కొట్లాటలా ఉండేది. మోచేతులు డొక్కల్లో దిగేవి, భుజాలు కమిలిపోయేవి. దాన్ని కుమ్ములాట అనేవారు. వారమంతా దిగమింగిన కోపం అక్కడ చెమటై కారిపోయాక, ఇంటికి పోయి కడుపునిండా తిని పడుకునేవారు.

ఆ ఆటకు ఒకటే కట్టుబాటు. ఎవరైనా కింద పడితే పక్కనున్నవాడు చెయ్యి పైకెత్తాలి. అది చూసినవాళ్ళంతా ఎత్తాలి. చేతులు లేచాయంటే డప్పు ఆగాలి. పడ్డవాణ్ణి లేపి, దుమ్ము దులిపి నిలబెట్టాకే మళ్ళీ దెబ్బ పడేది. మాట అక్కర్లేదు. ఆ హోరులో మాట వినపడదు కూడా.

బయలు అంచున ఒక ముసలమ్మ నిలబడేది. పడుచుతనంలో తనూ ఆడింది. మోకాళ్ళు పట్టేశాక, మనవరాలు ఆడుతుంటే చూసేది. ఈమధ్య ఆమెకు మరుపు పట్టుకుంది. ఎసరు పెట్టి బియ్యం కోసం గదిలోకి వెళ్ళి, ఎందుకొచ్చానా అని నిలబడిపోయేది. పక్కింటావిడ పేరు నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోయేది. ఏది పోయినా చెయ్యెత్తడం మాత్రం పోకూడదని, పొద్దున లేవగానే ఒకసారి చెయ్యి పైకెత్తి దించేది.

"ఏంటి నానమ్మా, కసరత్తా?" అని మనవరాలు నవ్వేది.

"కాదే. ఉందో పోయిందో చూసుకుంటున్నా."

అలా ఉండగా ఊళ్ళో ముసుగుల చావడి వెలిసింది. కుమ్ములాట గురించి తీరిగ్గా మాట్లాడుకోవడానికి కట్టారు దాన్ని. గుమ్మంలో ఏ జంతువుదో పిట్టదో ముసుగు తగిలించుకోవాలి, ఎవరు ఎవరో తెలియకూడదు. మాట్లాడదలచినవాళ్ళు చెయ్యెత్తి వంతు కోసం ఆగాలి. చప్పట్లు పడ్డవాడు ముందు వరసకు వెళ్ళేవాడు, పడనివాడు వెనక గోడకు. హద్దు మీరినవాళ్ళను చావడి పెద్ద బయటికి పంపేవాడు.

మొదట్లో ఆట అయ్యాక చావడికి వెళ్ళేవారు. తర్వాత్తర్వాత ఆట మధ్యలో వదిలేసి వెళ్ళేవారు. డప్పు కొట్టేవాడు కూడా ఆట లేనప్పుడల్లా అక్కడే కూర్చోవడం మరిగాడు.

ఒక సంతరోజు ఒక నేతగాడు పడ్డాడు. చేతులు లేవడం ఆలస్యమైంది. లేచాక కూడా డప్పు వెంటనే ఆగలేదు. అతని మణికట్టు విరిగింది. బయలు అంచునుంచి ముసలమ్మ అంతా చూసింది. రేపు తన పిల్ల పడితే ఏంగతి? మర్నాడు తిన్నగా చావడికి వెళ్ళింది. ఆమెకు తాబేలు ముసుగు దొరికింది. చెయ్యెత్తి కూర్చుంటే చాలాసేపటికి వంతు వచ్చింది.

"పడ్డవాళ్ళను ముందు లేపండి. మాటలు తర్వాత" అంది.

"పడటం అంటే ఏమిటో తేలాలి కదా" అన్నాడు పులి ముసుగువాడు. "మోకాలు ఆనితే పడ్డట్టా, వీపు ఆనితేనా?"

"పడేవాళ్ళు అసలెందుకొస్తారు? ఇంట్లో పరుపు లేదా?" అంది చిలక ముసుగు. చావడి గొల్లుమంది.

"తాబేలుగారు ఎప్పుడైనా ఆడారా, లేక విన్నదేనా?" అని ముందు వరసలోంచి ఇంకొకడు అడిగాడు.

"నువ్వు పుట్టకముందు ఆడాను నాయనా."

"ముసుగేసుకున్నాక అందరూ అనేదే అది."

చావడి పెద్ద గొంతు సవరించుకున్నాడు. "అమ్మా, ఈ సంగతి పోయిన వారమే మాట్లాడేశాం. మాట్లాడిందే మళ్ళీ ఎత్తకూడదు."

"మరి ఏం తేల్చారు?"

"తేల్చలేదు. మాట్లాడాం."

చప్పట్లు పడలేదు. ఆమెను వెనక గోడ దగ్గరికి పంపారు. అక్కడ కొంగ ముసుగులో ఒకడు కట్టు కట్టిన మణికట్టును ఒళ్ళో పెట్టుకుని, రెండో చెయ్యి పైకెత్తి కూర్చున్నాడు. "నా వంతు ఇంకా రాలేదు" అన్నాడు మెల్లగా.

తర్వాతి సంతరోజు మనవరాలు పడింది. గుంపు నడుమ ఆమె జడ ఒక్కసారి పైకెగిరి కాళ్ళ కిందికి పోయింది. ముసలమ్మ ఏమీ మరచిపోలేదు. మోకాళ్ళ నొప్పి లెక్కచెయ్యకుండా లోపలికి తోసుకుపోయి చెయ్యి పైకెత్తింది.

చుట్టూ ఉన్నవాళ్ళు మర్యాదగా ఆమె వైపు తిరిగారు.

"చెప్పండమ్మా, వింటున్నాం" అన్నాడొకడు.

"పిల్ల... కింద నా పిల్ల..."

"బాగా చెప్పారు" అని ఎవరో చప్పట్లు కొట్టారు. తర్వాతి వంతు తనదేనని ఇంకొకడు చెయ్యెత్తాడు. అతని వెనక మరొకామె. చూస్తుండగానే బయలంతా చేతులు లేచాయి. వాటి కింద ముసలమ్మ వంగి, పిల్ల కోసం నేల తడుముతోంది. కాళ్ళు ఆగలేదు. డప్పు కొట్టేవాడు ఆ చేతులన్నీ చూశాడు. మాట్లాడుకుంటున్నారు కాబోలు అని దెబ్బ కాస్త మెత్తగా వేశాడు. ఆపలేదు.

దారిన పోతున్న పొరుగూరి మనిషి ఒకడు గట్టు మీద ఆగాడు. ఈ ఊరి కట్టుబాటు గురించి చిన్నప్పటినుంచీ వింటున్నవాడు. అన్ని చేతులు ఒక్కసారిగా లేచి ఉండటం కళ్ళారా చూసి, తలకు చుట్టిన తువ్వాలు తీసి భుజాన వేసుకుని నమస్కారం పెట్టాడు.

"వీళ్ళు ఇంకా మరచిపోలేదు" అనుకుంటూ తన దారిన వెళ్ళిపోయాడు.