రవ్వ ఎక్కువైందా, తక్కువైందా?

పిల్లలూ, ఈ కథ మీ చెవిన పడి ఉండదు. మనం ఉన్నచోట దీన్ని చెప్పేవాళ్లు లేరు కాబట్టి నేనే చెబుతున్నాను. ఏ ఊళ్లో జరిగిందో గుర్తులేదు. గుర్తున్నట్టు చెప్పను.

మృదంగం నేర్పే కోదండపాణిగారికి భుజంగం అని ఒక శిష్యుడు ఉండేవాడు. చెయ్యి కుదిరాక, కొత్తవాళ్లకు పాఠం చెప్పే పని గురువుగారు అతనికే అప్పగించారు. వకుళ అనే అమ్మాయి దగ్గరకొచ్చేసరికి అతని ఓపిక అయిపోయింది. ఒకరోజు గురువుగారి దగ్గరికెళ్లి అన్నాడు:

"ఈ పిల్లకి రాదండీ. పొద్దుట్నుంచి బాగాలేదు, బాగాలేదు అని చెబుతూనే ఉన్నాను. అలాగే వాయిస్తోంది. రేపట్నుంచి మానిపించేద్దాం."

వకుళ అక్కడే తల వంచుకుని తన మృదంగానికి గుడ్డ తొడుగుతోంది.

గురువుగారు విననట్టే, "నా మృదంగానికి రవ్వ పెట్టు" అన్నారు.

ఎడమవైపు తడిపిన రవ్వముద్ద అంటిస్తేనే మృదంగం గంభీరంగా పలుకుతుంది. భుజంగానికి అది రోజూ ఉండే పనే. అంటించి, ఒక దెబ్బ వేశాడు.

"బాగాలేదు" అన్నారు గురువుగారు, కళ్లు మూసుకునే.

ఇంకాస్త రవ్వ పెట్టాడు.

"ఊహూ."

అంతా గీకేసి మళ్లీ పెట్టాడు.

"మనసు పెట్టడం లేదు నువ్వు."

భుజంగం మొహం ఎర్రబడింది. మోచేతుల దాకా రవ్వే.

"ఎక్కువైందో తక్కువైందో చెప్పండి గురువుగారూ. ఊరికే బాగాలేదంటే నేనేం చెయ్యను?"

తొడుగు వేస్తున్న వకుళ చేతులు ఆగిపోయాయి.

"ఎక్కువైంది. అంచున కాస్త తియ్యి."

తీశాడు. మృదంగం గుమ్మని పలికింది.

భుజంగం తల తిప్పి వకుళ వైపు చూశాడు. తర్వాత చేతులు కడుక్కుని వెళ్లి వకుళ ఎదురుగా చతికిలబడ్డాడు.

"ఆ తొడుగు తియ్యి అమ్మాయ్. ఒకసారి వాయించు."

"బాగుండదండీ."

"తెలుసులే. ఎక్కడ బాగుండదో చూద్దాం."

ఆమె వాయించింది. ఈసారి అతను మొహం చిట్లించకుండా చివరిదాకా విన్నాడు.

"ఎడమచెయ్యి బాగుంది, దాని జోలికి పోకు. కుడిచేతి చూపుడువేలు ఆలస్యంగా లేస్తోంది. ఆ ఒక్కటీ చూసుకో."

వకుళ వేలు వంక చూసుకుంది. నెమ్మదిగా మళ్లీ వాయించింది. మధ్యలో వేలు సమయానికి లేచేసరికి తనకే నవ్వొచ్చింది.

"రేపు కాస్త ముందే రావచ్చాండీ?"

భుజంగం గురువుగారి వైపు చూశాడు.

"నన్ను చూస్తావేం?" అన్నారాయన. "పంతులువి నువ్వేగా."

పిల్లలూ, మీరూ ఎవరికైనా ఏదైనా నేర్పే రోజు వస్తుంది. అప్పుడు ఈ కథ వాళ్లకీ చెప్పండి.