గవరయ్య మూసిన అరుగు

అనగా అనగా, రాజుగారు గుర్రమెక్కీ, ఉప్పు బస్తా బండెక్కీ తిరిగే రోజుల్లో, ఒక పట్నంలో గవరయ్య అనే ఉప్పు వర్తకుడు ఉండేవాడు.

ఆయన ఇల్లు తాతల నాటిది. ఆ వీధిలో ఇళ్ళన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. ప్రతి ఇంటి ముందూ ఒక అరుగు, అరుగుకు తాటి స్తంభాలు, పైన చూరు. కొత్తగా ఇల్లు కట్టేవాడు పక్కింటి అరుగు ఎత్తు చూసుకుని, తన అరుగును దానికి కలిపి కట్టేవాడు. అలా అన్ని అరుగులూ కలిసి వీధి పొడుగునా ఒక్కటే అరుగయింది. గుమ్మాల దగ్గర ఒక మెట్టు దిగి, ఒక మెట్టు ఎక్కితే చాలు. ఎంత వానలోనైనా ఈ కొస నుంచి ఆ కొసకు తల తడవకుండా నడిచిపోవచ్చు. ఇలా కట్టమని ఏ రాజూ చాటింపు వేయించలేదు. మొదట ఎవరికి తోచిందో మరి, తలచుకుంటే వింతగానే ఉంటుంది.

గవరయ్యకు ఇద్దరు కొడుకులు, కోడళ్ళు, మనవలు. ఇల్లు ఉన్నంతే ఉంది, మనుషులు పెరిగారు. అంతలో కూతురు నూకరత్నం తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది.

"ఏమండీ, పిల్లకు పురిటి గది ఏదీ?" అంది భార్య పైడమ్మ. "వానలు పట్టేసరికి నెలలు నిండుతాయి. మంచం వేయడానికి జాగా లేదు. మనవడొకడు రోలు పక్కన పడుకుంటున్నాడు."

"ఇల్లు పెంచుదాం. అదెంత పని," అన్నాడు గవరయ్య.

కొలకర్ర పట్టుకుని ముందు పెరట్లోకి వెళ్ళాడు. పశువుల పాక తీసేసి గది వేద్దామని కొలుస్తుంటే, ఆవు నెమరు ఆపి తలెత్తింది.

"అయ్యా, నేను వానలో నిలబడితే పాలలో నీళ్ళు పడతాయి. అప్పుడు నీళ్ళు కలిపానని నన్నే అంటావు," అంది.

గవరయ్యకు నవ్వొచ్చింది. కర్ర చంకన పెట్టుకుని లోపలికి వచ్చాడు.

తర్వాత అటకెక్కాడు. పైకప్పు కాస్త ఎత్తిస్తే అటకే గది అవుతుందనుకున్నాడు. వాసాల సందున ఒక పిచ్చుక పిల్లలకు మేత పెడుతోంది.

"ఇక్కడా పురుడే తాతా," అంది పిచ్చుక. "నీ కూతురికి చోటివ్వడానికి నా కూతుళ్ళను దింపేస్తావా?"

గవరయ్య మనసు మెత్తనిది. చప్పుడు చేయకుండా నిచ్చెన దిగాడు.

కింద పైడమ్మ నిలబడి ఉంది. "మీ ముందు గది ఉంది గదండీ. ఇంట్లో పెద్దది అదే. మీ పరుపూ బాలీసులూ త్రాసూ తప్ప అందులో ఏముంది?"

"ఎంత మాటన్నావే. నలుగురు వర్తకులు వచ్చి కూర్చునే చోటది. నేను వంటింట్లో కూర్చుని బేరమాడితే ఉప్పెవరు కొంటారు?"

"ఉప్పు ఖర్చయ్యేది వంటింట్లోనే గదా," అని పైడమ్మ తన పని మీద వెళ్ళిపోయింది.

గవరయ్య గుమ్మంలోకి వచ్చాడు. ఎడమ పక్క అరుగు ఖాళీగా ఉంది. కర్ర పెట్టి కొలిచాడు. అరుగు ఏమీ అనలేదు. అటు నుంచి కొలిచాడు. అప్పుడూ ఏమీ అనలేదు.

"ఇదే బాగుంది," అనుకున్నాడు.

పక్కింటి సూరన్న చూసి దగ్గరికి వచ్చాడు. "బావా, దీన్ని మూసేస్తే వానలో జనం ఎటు నడుస్తారు?"

"అరుగు నాది బావా. జనానికి గొడుగులు లేవూ?"

"ఉన్నాయిలే. అవీ నీ ఉప్పులాంటివే, వానకు నిలవవు."

గవరయ్య వినిపించుకోలేదు. మేస్త్రీ వచ్చాడు, స్తంభాల మధ్య గోడలు లేచాయి. గదిలో మంచం పట్టింది, నీళ్ళ కాగు పట్టింది. "నా కోసం ఇల్లే పెంచావు నాన్నా," అని నూకరత్నం మురిసింది. ఆ మాటకు గవరయ్య కడుపు నిండింది.

వానలు పట్టాయి. ఒక మధ్యాహ్నం నూకరత్నానికి నొప్పులు మొదలయ్యాయి. చిన్నకొడుకు వీధి మొదట్లో ఉన్న మంత్రసాని సన్యాసమ్మ ఇంటికి పరుగెత్తాడు. సన్యాసమ్మకు చూపు పోయి చాలా కాలమైంది. అయినా ఆ వీధిలో పిల్లలంతా ఆమె చేతుల్లోనే పుట్టారు.

"నువ్వు ముందు పో నాయనా, మీ అమ్మను నీళ్ళు కాగబెట్టమను," అంది ఆమె. "ఈ వీధిలో నాకు తోడు దేనికి? అరుగులు పట్టుకుని వచ్చేస్తాను."

కొత్త గోడ సంగతి ఆమెకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. అన్నట్టే బయలుదేరింది. ఒక స్తంభం విడిచి ఒక స్తంభం పట్టుకుంటూ నడిచింది. ఉన్నట్టుండి చేతికి గోడ తగిలింది. అరుగులకు అడ్డంగా గోడ ఉండేది వీధి అవతలి కొసన ఒక్కచోటే. మాటల్లో పడి ఇల్లు దాటేశాను కాబోలు అనుకుంది, మాట్లాడేవాళ్ళెవరూ లేకపోయినా. వెనక్కి తిరిగింది.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ గోడే. మూడోసారీ గోడే తగిలేసరికి, దానికే ఆనుకుని కూలబడింది. వాన హోరుకు వీధి తలుపులన్నీ మూసి ఉన్నాయి. పిలిచినా పలికేవారు లేరు.

గోడకు లోపలి వైపున నూకరత్నం పళ్ళు బిగించి మంచం పట్టె పట్టుకుంది.

"బిడ్డ అడ్డంగా ఉన్నట్టుంది. ఇది నా చేత కాదు," అంది పైడమ్మ. "సన్యాసమ్మ ఏదండీ?"

గవరయ్య తలగుడ్డైనా లేకుండా వానలోకి దిగాడు. తన కొత్త గోడ పక్కన ముద్దగా ఎవరో కూర్చుని కనిపించారు.

"ఎవరది?"

"సన్యాసమ్మను బాబూ. గవరయ్య బాబు ఇల్లు ఎటో కాస్త చెబుదూ. ఆ పిల్ల ఎలా ఉందో ఏమో. ఎన్నిసార్లు బయలుదేరినా ఈ వీధి చివరి గోడ దగ్గరే తేలుతున్నాను."

గవరయ్య వంగి ఆమెను లేవదీశాడు. ఆమె చెయ్యి పట్టుకుని, గోడ చుట్టూ తిప్పి, గుమ్మంలోకి తెచ్చాడు.

సన్యాసమ్మ గదిలో అడుగు పెట్టగానే గోడ తడిమింది. "ఇది ఇంకా ఆరలేదు తల్లీ. పచ్చి పిల్లను ఈ చెమ్మలో పడుకోబెడతామా? ఇంట్లో వెచ్చటి చోటు లేదా?"

పైడమ్మ భర్త వంక చూడను కూడా చూడలేదు. గవరయ్యే ముందు గదిలోకి వెళ్ళి పరుపు చుట్టాడు. త్రాసు బయట పెట్టాడు. బాలీసులు చెరో చంకనా ఇరికించుకుని పక్కకు తప్పుకున్నాడు.

సన్యాసమ్మ చేతులు తమ పని తాము చేశాయి. పొద్దు వాలేసరికి ఆ గదిలోంచి ఆడపిల్ల ఏడుపు వినిపించింది. తల్లీ బిడ్డా క్షేమం.

వాన తెరిపిచ్చాక మేస్త్రీని మళ్ళీ పిలిచారు.

"కట్టేటప్పుడూ తొందరే, పడగొట్టేటప్పుడూ తొందరేనా అయ్యా?" అన్నాడు మేస్త్రీ.

"ఊఁ, తొందరే," అన్నాడు గవరయ్య.

ముందు గది మనవరాలిదైపోయింది. గవరయ్య అరుగు మీద చాప వేసుకుని బేరాలాడాడు. వర్తకులు అక్కడికే వచ్చి కూర్చున్నారు. నడిచేవాళ్ళు వస్తే కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. ఉప్పు మునుపటిలాగే అమ్ముడుపోయింది.

కాబట్టి పిల్లలూ, ఇంట్లో చోటు చాలనప్పుడు పెద్దవాడు ముందు తన చోటు వదులుకోవాలి గానీ, వద్దనే నోరు లేదు కదా అని పదిమంది నడిచే చోటును మూసేయకూడదు.